ఏ మాట ఏ మాట మీద ఆధారపడింది?

‘పాత పుస్తకాల షాపు’. ఇందులో పాతవి పుస్తకాలా, షాపా? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేసేవాళ్లకి మొదటి అర్థమే తడుతుంది. అదే బజారులో ఒక పుస్తకాల షాపు ఎప్పటి నుంచో ఉండి, పక్కనే ఇంకోటి కొత్తగా తెరిచారనుకోండి. అప్పుడు ‘పాత పుస్తకాల షాపులో కొన్నాను’ అంటే రెండో అర్థం వస్తుంది. మాటలు అవే, వాటి వరస కూడా అదే. తేడా అంతా ‘పాత’ అన్నది ఏ మాట మీద ఆధారపడింది అన్నదాంట్లో ఉంది.

మాటల మధ్య ఉండే ఈ సంబంధాన్నే భాషాశాస్త్రంలో డిపెండెన్సీ అంటారు. దాని మీద కట్టిన వ్యాకరణం డిపెండెన్సీ గ్రామర్. ఆధునిక కాలంలో దీనికి పునాది వేసినవాడు లూసియన్ టెనియేర్ అనే ఫ్రెంచ్ భాషాశాస్త్రవేత్త. ఆయన 1954లో చనిపోయాడు, ఆయన ప్రధాన గ్రంథం 1959లో అచ్చయింది. ‘ఆల్ఫ్రెడ్ మాట్లాడుతున్నాడు’ అనే వాక్యంలో ఉన్నవి రెండు కాదు, మూడు అంటాడాయన: రెండు మాటలు, వాటిని కలిపే సంబంధం. ఆ సంబంధం చెవికి వినపడదు, కాగితం మీద కనపడదు. అది లేకపోతే మాత్రం మిగిలేది రెండు విడివిడి మాటలే. ఆయన లెక్కలో వాక్యానికి కేంద్రం క్రియ, మిగతావన్నీ నేరుగానో మరో మాట ద్వారానో దాని మీదే ఆధారపడతాయి.

మనకిది మరీ కొత్తగా అనిపించదు. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు తెలుగు మాస్టార్లు ముందు క్రియను పట్టుకుంటారు. తర్వాత ఎవరు, దేన్ని, దేనితో, ఎక్కడ అని దాన్నే ప్రశ్నలు అడుగుతూ పోతారు. క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందే పాణిని ఈ సంబంధాలకు కారకాలని పేరుపెట్టి ఆరు రకాలుగా విడదీశాడు: కర్త, కర్మ, కరణం (దేనితో), సంప్రదానం (ఎవరికి), అపాదానం (దేని నుంచి), అధికరణం (ఎక్కడ). న్యాయ, మీమాంస అనే ప్రాచీన దర్శనాల శాస్త్రకారులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. మాటల గుంపు వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలన్నారు. అంటే ఒక మాట ఇంకో మాటను కోరుకోవాలి, ఆ రెండూ అర్థంలో పొసగాలి, దగ్గరగా ఉండాలి. ఈనాటి కంప్యూటర్ భాషాశాస్త్రం ఈ మూడింటి చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉందని నా అభిప్రాయం.

‘అత్తయ్య పాపకి గిన్నెలో అన్నం పెట్టింది’ అన్న వాక్యం చూడండి. అయిదు మాటలను లెక్కప్రకారం 120 రకాలుగా పేర్చవచ్చు. క్రియను చివరే ఉంచినా 24 వరసలు వస్తాయి. ‘పాపకి అత్తయ్య అన్నం గిన్నెలో పెట్టింది’ అన్నా, ‘అన్నం గిన్నెలో పాపకి అత్తయ్య పెట్టింది’ అన్నా, ఒత్తు ఎక్కడ పడుతుందో మారుతుంది కానీ ఎవరు ఎవరికి ఏం పెట్టారన్నది మారదు. ‘కుక్క మనిషిని కరిచింది’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పి, కుక్కను, మనిషిని అటుదిటు చేస్తే కరిచిందెవరో మారిపోతుంది. మనకి ఆ పని ‘ని, కి, లో’ లాంటి విభక్తులు చేస్తాయి. మాటల వరస మీద కన్నా సంబంధాల మీద ఎక్కువ నడిచే భాషకి డిపెండెన్సీ వ్యాకరణం బాగా అమరుతుంది.

అయితే విభక్తి అన్నిచోట్లా సాయానికి రాదు. ‘అత్తయ్య అన్నం తింది’లో ‘అన్నం’ పక్కన ‘ని’ లేదు. ప్రాణం లేనివాటికి కర్మలో ఆ ప్రత్యయాన్ని మనం తరచు వదిలేస్తాం. పోనీ క్రియను చూసి పోల్చుకుందామంటే, ‘అత్తయ్య వచ్చింది, బస్సు వచ్చింది’ రెండిటికీ ఒకటే రూపం. మరి అన్నం అత్తయ్యను తినలేదని ఎలా తెలుసు? అన్నానికి తినే శక్తి లేదు కాబట్టి. శాస్త్రకారులు యోగ్యత అన్నది దీన్నే. మూడేళ్ల పిల్లకి తెలిసిన ఈ సంగతి యంత్రానికి తెలియాలంటే బోలెడు వాక్యాలు చూడాలి.

ఇంకా లోతుకి వెళ్తే విభక్తి పూర్తిగా మాయమైపోతుంది. ‘తిన్న’ అన్న ఒక్క మాట తీసుకోండి. తిన్న పిల్లాడు, తిన్న అన్నం, తిన్న చెయ్యి, తిన్న కంచం. నాలుగింటిలోనూ ‘తిన్న’ తర్వాతి నామవాచకానికే ముడిపడింది, పైకి నాలుగూ ఒకటే నిర్మాణం. లోపల మాత్రం పిల్లాడు కర్త, అన్నం కర్మ, చెయ్యి కరణం, కంచం అధికరణం. ‘చేత్తో’లోని ‘తో’, ‘కంచంలో’లోని ‘లో’ ఎగిరిపోయాయి. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అన్నప్పుడు తిన్నది ఇల్లు కాదని, ఇంట్లో తిన్నారని మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో ఇలాంటిచోట ‘దేనితో, దేనిలో’ అన్నట్టు ఏదో ఒక చిన్న మాట మిగిలి దారి చూపుతుంది. తెలుగు ఆ చిన్న మాటను వినేవాడి బుర్రకే వదిలేస్తుంది. మన వ్యాకరణంలో నాకు అన్నిటికంటే అందంగా అనిపించే చోటు ఇదే.

ముడి ఎక్కడ పడిందో తెలియని వాక్యాలూ ఉంటాయి. ‘నిన్న రవి కొన్న సైకిల్ పోయింది’. నిన్న కొన్నాడా, నిన్న పోయిందా? పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసుకునేవాళ్లకి ఈ తేడా ముఖ్యం. మాట్లాడేటప్పుడైతే ‘నిన్న’ తర్వాత కొంచెం ఆగి తేల్చేస్తాం. రాతలో ఆ వీలు లేదు.

కంప్యూటర్‌కి ఇదంతా నేర్పాలంటే ప్రతి వాక్యాన్నీ చెట్టులా గీస్తారు. ఒక మాట ఆ చెట్టుకి వేరు (రూట్) అవుతుంది, సాధారణంగా అది క్రియే. మిగతా ప్రతి మాటా సరిగ్గా ఒక్క మాట మీదే ఆధారపడుతుంది, ఎక్కడా గుండ్రంగా తిరిగి రాకూడదు. ఈ రెండు షరతులకు లోబడి అయిదు మాటల వాక్యానికి 625 చెట్లు గీయవచ్చు. పది మాటలకైతే 100 కోట్లు. వాటిలోంచి సరైనదాన్ని ఎంచే ప్రోగ్రామ్‌ను పార్సర్ అంటారు. దానికి పాఠాలు మనుషులు చేత్తో గీసిపెట్టిన చెట్లే, ఆ చెట్ల కట్టకు ట్రీబ్యాంక్ అని పేరు.

మన భాషల కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పాణిని కారకాలనే గుర్తులుగా పెట్టుకుని ఒక పద్ధతి తయారుచేశారు. కర్తకు కె1, కర్మకు కె2, కరణానికి కె3, ఇలా సాగుతుంది. ‘నాకు ఆకలేస్తోంది’లోని ‘నాకు’ దగ్గర చిక్కొచ్చింది. రూపం ‘పాపకి’ లాంటిదే, కానీ ఇక్కడ ఎవరూ నాకు ఏదీ ఇవ్వడం లేదు, అనుభవిస్తున్నది నేను. దానికి ‘అనుభవ కర్త’ అని వేరే గుర్తు ఇచ్చారు. ఇది చక్కటి నిర్ణయం.

ప్రపంచ స్థాయిలో 2015 జనవరిలో యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే ప్రాజెక్టు పది భాషల చెట్లతో తొలి విడుదల చేసింది. ఇప్పుడందులో 150కి పైగా భాషలున్నాయి. తెలుగుకి తారక రామ, సౌమ్య వజ్జల 2017లో ఒక ట్రీబ్యాంక్ చేసిచ్చారు. అందులోని వాక్యాలు భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోవి. మొత్తం 1,328 వాక్యాలు. అదే ప్రాజెక్టులో హిందీకి 16 వేలకు పైగా ఉన్నాయి. ఇద్దరి పూనికతో అయిన ఈ పని విలువైనదే. ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషకి మాత్రం అది చాలదు.

సన్నిధి సంగతి మిగిలింది. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన మాటలు దూరమైతే మొదటిదాన్ని అంతసేపూ గుర్తుంచుకోవాలి. 37 భాషల ట్రీబ్యాంకులను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. యాదృచ్ఛికంగా పేర్చితే ఉండే దూరం కన్నా అన్నిటిలోనూ నిజమైన దూరం తక్కువగానే తేలింది. ‘అత్తయ్య నిన్న ఊరి నుంచి వచ్చిన పిల్లలకి పండ్లు ఇచ్చింది’ అనేకన్నా ‘నిన్న ఊరి నుంచి వచ్చిన పిల్లలకి అత్తయ్య పండ్లు ఇచ్చింది’ అంటే సులువుగా అందుతుంది. కర్త వెళ్లి క్రియ దగ్గర కూర్చుంది. మొదటి వాక్యంలో ఊరి నుంచి అత్తయ్యే వచ్చిందేమో అని ఒక క్షణం అనిపిస్తుంది కూడా. కర్తను మొదట్లో వదిలేసి, నాలుగు లైన్ల తర్వాత క్రియ ఇచ్చే ఆఫీసు ఉత్తర్వులు చదవడం ఎందుకంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చాట్‌జీపీటీ లాంటి ఇప్పటి పెద్ద భాషా నమూనాలకు చెట్లు ఎవరూ గీసివ్వడం లేదు. మరి ట్రీబ్యాంకులు ఎందుకని కొందరంటారు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హ్యూయిట్, క్రిస్టఫర్ మానింగ్ 2019లో బర్ట్ అనే నమూనా లోపలి అంకెలను తవ్వి చూశారు. ఎవరూ నేర్పకపోయినా ఇంగ్లీషు వాక్యాల చెట్ల ఆకారం చాలావరకు అందులో దొరికింది. ఆ పోలిక తేల్చడానికి కూడా మనుషులు చేసిన చెట్లే కావాల్సి వచ్చాయి. తెలుగు యంత్రానికి ఎంత వంటబట్టిందో తేల్చాలన్నా అదే కావాలి. అందుకు వ్యాకరణ పుస్తకంలోని పొట్టి వాక్యాలు చాలవు. ‘ఇంటికొచ్చేశా, తిన్న కంచం అలాగే ఉంది, కడిగెయ్’ లాంటివి కొన్ని వేలు కావాలి. కారకాలు చదువుకున్న తెలుగు ఎం.ఏ. విద్యార్థులు కొద్దిపాటి శిక్షణతో ఈ పని చేయగలరు.