పాత కాటాలు, పాత మోడెంలు, కొత్త నెట్‌వర్కులు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే రోడ్ల వెంట ఉన్న వేబ్రిడ్జిలు, కోల్డ్ స్టోరేజీలు, విజయవాడ ఆటోనగర్‌లోని లారీ ఆఫీసులు, గొల్లపూడి హోల్‌సేల్ కొట్లు. నా పని ఎక్కువగా ఈ చోట్లే. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్ల కిందట కొన్న యంత్రాలను ఇప్పటి నెట్‌వర్కుకు కలపడం నా వృత్తి. ‘పాతదైపోయింది, ఇక పనికిరాదు’ అని ఎవరో అన్న ఒక్క మాటకు, నిక్షేపంగా నడుస్తున్న యంత్రం తుక్కు కొట్టుకు వెళ్లిపోతుంటే నాకు మనసు ఉసూరుమంటుంది. అలాగని ప్రతి పాత యంత్రాన్నీ పట్టుకుని వేలాడమని చెప్పను. దేన్ని ఉంచాలి, దేన్ని వదిలించుకోవాలి అన్నది తేలాలంటే, అది బయటి ప్రపంచంతో ఎలా మాట్లాడుతుందో ముందు చూడాలి. చూడకుండా పెట్టెలు కొనడం దగ్గరే డబ్బు వృథా అవుతోంది. యజమానులు, గుమాస్తాలు, కొందరు మెకానిక్‌లు కూడా నాతో తరచూ అనే మాటలను తీసుకుని ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: కాటాకు నెట్‌వర్క్ పోర్టు లేదు, కాబట్టి కొత్తది కొనాల్సిందే.

వాస్తవం: వేబ్రిడ్జిలో బరువును పట్టేవి ప్లాట్‌ఫాం కింద ఉండే లోడ్ సెల్స్. క్యాబిన్‌లో ఉండే ఇండికేటర్ ఆ బరువును అంకెగా చూపిస్తుంది. ఇండికేటర్ వెనుక చూడండి, చాలావాటికి తొమ్మిది పిన్నులదో ఇరవై ఐదు పిన్నులదో ఆర్‌ఎస్-232 అనే సీరియల్ పోర్టు (సమాచారాన్ని ఒక్కో బిట్‌గా వరుసగా పంపేది) ఒకటి ఉంటుంది. 1960లో వచ్చిన ప్రమాణం ఇది. లారీ ఎక్కగానే తూకం అంకెలు అక్షరాలుగా ఆ పోర్టులోంచి బయటికి వస్తూనే ఉంటాయి. వాటిని అందుకుని నెట్‌వర్క్ కేబుల్‌లోకి పంపడానికి సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్ అనే చిన్న పెట్టె చాలు. నెట్‌వర్క్‌లో వచ్చేదాన్ని మామూలు సీరియల్ (కామ్) పోర్టులా చూపించే వర్చువల్ కామ్ పోర్టు సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో వేస్తే, పాత విండోస్ కాటా ప్రోగ్రాంకు తేడాయే తెలియదు. మునుపటిలాగే కామ్ 1 నుంచి చదువుకుంటుంది.

డాస్ కాలం నాటి ప్రోగ్రాం అయితే ఈ ఉపాయం పారదు. అవి విండోస్‌ను అడగకుండా నేరుగా పోర్టు హార్డ్‌వేర్‌తోనే మాట్లాడతాయి. అక్కడ మార్చాల్సింది ప్రోగ్రాంను, కాటాను కాదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఇండికేటర్‌కు తూనికలు, కొలతల శాఖ సీలు ఉంటుంది. వేబ్రిడ్జికి ఏటా ముద్ర వేయించాలి. ‘మూత తీసి లోపల ఒక బోర్డు పెడతాను’ అనేవారిని మాత్రం దగ్గరికి రానివ్వకండి. సీరియల్ పోర్టు సీలుకు బయటే ఉంటుంది, దాన్ని వాడుకోవడానికి లోపలికి వెళ్లే అవసరమే లేదు. సీలు తెగిందంటే మళ్లీ తనిఖీ జరిగి ముద్ర పడేదాకా ఆ కాటా మీద వ్యాపారం చేయకూడదు. మార్చి నెలలో మిర్చి టిక్కీల (బస్తాల) లారీలు బారులు తీరి ఉండగా కాటా ఆగిపోతే ఎంత నష్టమో యజమానికి నేను చెప్పనక్కరలేదు.

అపోహ: పిన్నులు సరిపోతే కేబుల్ సరిపోయినట్లే. కలపగానే పనిచేయకపోతే యంత్రం పాడైనట్లే.

వాస్తవం: నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. తొమ్మిది పిన్నుల పోర్టులో ముఖ్యమైనవి మూడు: 2, 3, 5. ఐదోది గ్రౌండు. మిగతా రెండింటిలో ఒకటి మాట్లాడేది, ఒకటి వినేది. ఏది ఏదో యంత్రాన్ని బట్టి మారుతుంది. తెలుసుకోవడానికి మల్టీమీటర్ ఉంటే చాలు. నల్ల ప్రోబు 5 మీద, ఎర్ర ప్రోబు ముందు 2 మీద, తర్వాత 3 మీద పెట్టండి. మాట్లాడే పిన్ను ఏమీ పంపనప్పుడు మైనస్ వోల్టేజీ చూపిస్తుంది, సాధారణంగా మైనస్ 5 నుంచి మైనస్ 12 వరకు. వినే పిన్ను సున్నా దగ్గరే ఉంటుంది. ఇండికేటర్ ఆగకుండా అంకెలు పంపే రకమైతే మీటరు ఊగుతుంది, అప్పుడూ మాట్లాడేది అదే. యంత్రం 2లో మాట్లాడుతుంటే కంప్యూటర్‌కు నేరు కేబుల్, 3లో మాట్లాడుతుంటే అడ్డం మార్చిన కేబుల్ కావాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. ఇది చేయకుండానే కేబుళ్ల మీద కేబుళ్లు కొన్నవారు ఉన్నారు.

కేబుల్ సరిపోయాక వేగం, పారిటీ (తప్పు పట్టుకోవడానికి ప్రతి అక్షరానికీ కలిపే అదనపు బిట్) సంగతి. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే కంగారు పడకండి. అవి ఏ అక్షరాలో శ్రద్ధగా చూడండి, జబ్బు అక్కడే తెలుస్తుంది. ఒకసారి ఒక కోల్డ్ స్టోరేజీ కాటా దగ్గర 0, 3, 5, 6, 9 అంకెలు శుభ్రంగా వస్తున్నాయి. 1, 2, 4, 7, 8 మాత్రం వింత గుర్తులుగా మారుతున్నాయి. ఇండికేటర్ బోర్డు పోయిందని అప్పటికే ఎవరో తేల్చేశారు. బోర్డుకు ఏమీ కాలేదు. ఇండికేటర్ ఏడు బిట్లతో, సరి పారిటీతో పంపుతోంది, కన్వర్టర్ ఎనిమిది బిట్లతో, పారిటీ లేకుండా చదువుతోంది. మొదటి అయిదు అంకెల కోడ్‌లో ఒకట్ల సంఖ్య సరి, కాబట్టి పారిటీ బిట్ సున్నా అయి, అంకె మారకుండా బయటపడుతుంది. మిగతావాటిలో బేసి, కాబట్టి ఎనిమిదో బిట్ ఒకటిగా వచ్చి అంకె రూపే మారిపోతుంది. సెట్టింగ్ ఒక్కటి మార్చగానే అన్నీ సరిగా వచ్చాయి.

కొన్ని ఇండికేటర్లు అంకెలను వెనుక నుంచి ముందుకు పంపుతాయి. 14,580 కిలోల లారీ 08541గా కనిపిస్తుంది. అదీ లోపం కాదు, ఆ తయారీదారు పెట్టుకున్న పద్ధతి. ప్రోగ్రాంలో తిప్పి చదివిస్తే సరి.

అపోహ: యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ఏదైనా ఒకటే.

వాస్తవం: తేడా లోపలి చిప్‌లో ఉంది. ఈ చిప్‌లకు నకిలీలు చాలా ఎక్కువ. 2014లో ఈ చిప్‌లు తయారుచేసే ఎఫ్‌టీడీఐ సంస్థ ఇచ్చిన విండోస్ డ్రైవర్, నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చడంతో అవి కంప్యూటర్‌కు కనిపించకుండా పోయాయి. నిన్నటిదాకా పనిచేసిన కేబుల్ విండోస్ అప్‌డేట్ తర్వాత మూగబోయిందంటే మొదట అనుమానించాల్సింది చిప్‌నే. కేబుల్‌ను ఇంకో యూఎస్‌బీ రంధ్రంలో పెడితే కామ్ సంఖ్య మారిపోవచ్చని గుమాస్తాలకు ముందే చెప్పి ఉంచండి.

అపోహ: ఆర్‌ఎస్-485 అంటే రెండు తీగలే కదా, ఎలా లాగినా నడుస్తుంది.

వాస్తవం: ఆర్‌ఎస్-232 సుమారు 15 మీటర్ల వరకు నమ్మకంగా నడుస్తుంది. ఒకే తీగల జత మీద చాలా యంత్రాలను కలిపే ఆర్‌ఎస్-485 తక్కువ వేగంలో 1,200 మీటర్ల దాకా పోతుంది. అందుకే కోల్డ్ స్టోరేజీ గదుల ఉష్ణోగ్రత కంట్రోలర్లను దానితోనే కలుపుతారు. కానీ తీగ ఒక కంట్రోలర్ నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మరోదానికి వరుసగా పోవాలి. ఒకే చోటి నుంచి నాలుగు వైపులా చీల్చితే సంకేతం చివర్లకు తగిలి వెనక్కి వస్తుంది. వరుసకు రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి, మధ్యలో ఎక్కడా ఉండకూడదు. ‘ఎ’, ‘బి’ అన్న పేర్లను కొందరు తయారీదారులు తారుమారుగా రాస్తారు. జవాబు రాకపోతే ముందు ఆ రెండు తీగలు మార్చి చూడండి.

నాకు అన్నిటికంటే దిగులు కలిగించేది ఎర్త్. కాటా క్యాబిన్ ఒక చోట, ఆఫీసు ఇంకో చోట, రెండింటికీ వేర్వేరు ఎర్త్‌లు. వేసవి గాలివానల్లో దగ్గరలో పిడుగు పడితే రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, కలిపిన రాగి తీగ గుండా పోతుంది. ఒక్క దెబ్బకు ఇండికేటర్ పోర్టు, కన్వర్టర్, స్విచ్ మూడూ పోతాయి. రెండు భవనాల మధ్య ఫైబర్ తీగ లాగించండి. గాజులో కరెంటు పారదు. అది కుదరకపోతే కనీసం ఐసొలేషన్ ఉన్న (రెండు వైపుల మధ్య కరెంటు దారి లేని) కన్వర్టర్ అడిగి కొనండి. ధరలో తేడాను చూసి వెనకాడకండి.

అపోహ: పాత యంత్రం వేగం 9600, నెట్‌వర్క్ వేగం గిగాబిట్. కాబట్టి సమయం సమస్యే రాదు.

వాస్తవం: వేగం వేరు, ఆలస్యం వేరు. 9600 బాడ్ అంటే సెకనుకు దాదాపు 960 అక్షరాలు, నెట్‌వర్క్‌కు అదో లెక్క కాదు. కానీ పరిశ్రమల్లో యంత్రాలు మాట్లాడుకునే భాష మోడ్‌బస్ (1979లో వచ్చింది). సీరియల్ తీగ మీద వాడే దాని ఆర్‌టీయూ పద్ధతిలో, ఒక సందేశం ముగిసిందని మూడున్నర అక్షరాలంత మౌనాన్ని బట్టి గుర్తిస్తారు. 9600 వేగంలో అది సుమారు 4 మిల్లీసెకన్లు. నెట్‌వర్క్ దారిలో ఒక సందేశం రెండు ముక్కలై, రెండో ముక్క కొంచెం ఆలస్యంగా వచ్చిందంటే, అవతలి యంత్రం మొదటి ముక్కనే పూర్తి సందేశంగా తీసుకుని పారేస్తుంది. ఇలాంటి చోట మామూలు కన్వర్టర్ కాకుండా మోడ్‌బస్ గేట్‌వే వాడాలి. అది సందేశాన్ని అర్థం చేసుకుని, పూర్తిగా కూడగట్టి పంపుతుంది. నెట్‌వర్క్ మీద వాడే మోడ్‌బస్ టీసీపీ, మోడ్‌బస్ ఆర్‌టీయూ ఒకటి కావు, మామూలు కన్వర్టర్ ఒకదాన్ని ఇంకోదానిగా మార్చదు.

అపోహ: ఫైబర్ ఫోన్‌లో డయల్ టోన్ వస్తోంది, కాబట్టి పాత మోడెం, ఫ్యాక్స్, ఆటోడయలర్ (తనంతట తానే ఫోను చేసే యంత్రం) అన్నీ నడుస్తాయి.

వాస్తవం: రాగి లైన్లు తీసేసి ఫైబర్ ఇస్తున్న ఈ రోజుల్లో ఎక్కువమంది దెబ్బతింటున్నది ఈ నమ్మకం వల్లే. ఆ డయల్ టోన్‌ను మీ గోడకున్న చిన్న పెట్టె తయారుచేస్తుంది. అక్కడి నుంచి శబ్దం ముక్కలు ముక్కలుగా, ప్యాకెట్లలో ప్రయాణిస్తుంది. జి.711 పద్ధతిలో అయితే సెకనుకు 64 కిలోబిట్లు వాడి శబ్దాన్ని దాదాపు ఉన్నదున్నట్లు పంపుతుంది. జి.729 అయితే 8 కిలోబిట్లలోకి కుదిస్తుంది. ఆ కుదింపు మనిషి గొంతుకు తగ్గట్టు చేసినది, సమాచారాన్ని కూతగా మార్చి పంపే మోడెం శబ్దం అందులో నలిగిపోతుంది. జి.711లో కూడా ఒక ప్యాకెట్ జారిపోతే మన చెవి పట్టించుకోదు, మోడెం మాత్రం లైను తెంచేసుకుంటుంది. ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు మోడెం శబ్దాన్ని కూడా పాడు చేస్తుంది.

మెల్లగా, కొద్దిపాటి సమాచారం పంపే పాత యంత్రాలు ఒక్కోసారి నెగ్గుకొస్తాయి. అదే మోసం. ఉదయం పనిచేసి సాయంత్రం పనిచేయని యంత్రాన్ని చూసి యంత్రానిదే తప్పు అనుకుంటారు. ఫ్యాక్స్ తప్పనిసరి అయితే, టి.38 అనే పద్ధతికి వీలుందా అని ఫైబర్ ఇచ్చేవారిని అడగండి. ఫ్యాక్స్‌ను శబ్దంగా కాకుండా సమాచారంగా పంపడానికే అది పుట్టింది. లేదంటే ఫ్యాక్స్ వేగాన్ని 9600కు తగ్గించండి, కొంత మేలు. డయల్అప్ కార్డు స్వైప్ యంత్రం మీద మాత్రం సమయం ఖర్చు పెట్టకండి. బీసెంట్ రోడ్డులో కొట్టు ఉన్నవారికైనా, పట్నం బజారులో ఉన్నవారికైనా నేను చెప్పేది ఒకటే: బ్యాంకుకు తిరిగి ఇచ్చి కొత్తది తెప్పించుకోండి. జనం డబ్బు తిరిగే దారిలో పాతకాలపు భద్రత ఉండకూడదు.

ఇక కరెంటు. పాత రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి వచ్చేది. ఊళ్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్ పెట్టెకు మీ ఇంటి కరెంటే దిక్కు. కోల్డ్ స్టోరేజీలో గది వేడెక్కితే యజమానికి ఫోను చేసే ఆటోడయలర్‌ను ఊహించుకోండి. కరెంటు పోయి అమ్మోనియా కంప్రెసర్లు ఆగిన క్షణానే దాని అవసరం పడుతుంది. సరిగ్గా ఆ క్షణానే ఫైబర్ పెట్టె కూడా ఆరిపోతుంది. ఇన్వర్టర్ మీద పెట్టండి, లేదా ఇంకా మంచిది: సెన్సర్లను అలాగే ఉంచి, అలారం రిలేను సొంత బ్యాటరీ ఉన్న సిమ్ యూనిట్‌కు కలపండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, ఫోను నిజంగా మోగుతుందో లేదో చూడండి. రైతుల సరుకు లోపల ఉంది, మాట మీద నమ్మి వదిలేయకూడదు.

అపోహ: ఏ సిమ్ వేసినా మోడెం పనిచేస్తుంది.

వాస్తవం: పాత జీఎస్‌ఎం మోడెంలు చాలావరకు 2జీవే. జియోకు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ వాటిలో ఎప్పటికీ పనిచేయదు. ఇప్పుడు కొనేవారు 4జీ మోడెం తీసుకోండి. ఇంకో మాట: మామూలు సిమ్‌లకు బయటి నుంచి చేరుకోగల సొంత ఐపీ చిరునామా ఉండదు. కాబట్టి మీరు బయటి నుంచి యంత్రాన్ని పిలవడం కాదు, యంత్రమే మీ సర్వర్‌ను పిలిచేలా అమర్చాలి.

అపోహ: ఇంత పాత యంత్రం జోలికి ఏ హ్యాకర్ వస్తాడు?

వాస్తవం: సీరియల్ పోర్టులు పుట్టినప్పుడు తీగ అవతలి కొస అదే గదిలో ఉండేది. అందుకే పాస్‌వర్డ్ అన్న ఆలోచనే వాటిలో లేదు. ఆ తీగను ఇంటర్నెట్‌కు కలిపితే, చేరుకోగలిగిన ప్రతివారూ చదవగలరు, చాలాచోట్ల రాయగలరు కూడా. 2015 డిసెంబరులో ఉక్రెయిన్ విద్యుత్ సబ్‌స్టేషన్ల మీద దాడి చేసినవారు సరిగ్గా ఈ సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్లలోని ఫర్మ్‌వేర్‌నే (వాటిని నడిపే లోపలి ప్రోగ్రాంనే) చెరిపి రాశారు. కరెంటు పోయిన వినియోగదారులు సుమారు 2,25,000 మంది. సిబ్బంది స్వయంగా సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో స్విచ్‌లు వేయాల్సి వచ్చింది.

కాటా కన్వర్టర్‌ను ఆఫీసు వైఫైలో అందరితో కలిపి ఉంచకండి, దానికి వేరే విభాగం ఇవ్వండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి, ఫర్మ్‌వేర్ కొత్తదో కాదో చూడండి. ఇంటి నుంచి తూకాలు చూడాలనుకుంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి) పెట్టించుకోండి. మీ రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరిచి, అందులో కన్వర్టర్ చిరునామాకు ఎవరైనా దారి తీసి పెట్టి ఉంటే, ఈరోజే చెరిపేయండి.