"కావాలె" అంటే ఎప్పటిదాకా?

పాలమూరులో మా ఇంటి పెండ్లికి వంటాయన సామాన్ల చిట్టీ చెప్తుంటే రాసే పని నాకు పడింది. "బియ్యం కావాలె, నూనె కావాలె, సాజీర కావాలె, గసగసాలు కావాలె." అంతా రాసి చదివి వినిపించాక అసలు సంగతి తెలిసింది. నూనె రాకుంటే ఆయన పొయ్యే ముట్టియ్యడు. గసగసాలు దొరికితే వేస్తాడు, లేకుంటే కూర ఆగదు. రెండింటికీ మన నోట ఒకటే మాట.

ప్రోగ్రామింగ్ భాషలు తయారుచేసేవాళ్లకూ ఇదే చిక్కు. పెద్ద ప్రోగ్రామును మాడ్యూళ్లుగా, అంటే విడివిడి ముక్కలుగా, విడగొట్టాక, దేనికి ఏది కావాలో రాసి ఉంచాలి. ఆ మాట అడాలో 'విత్', పైథాన్‌లో 'ఇంపోర్ట్'. పెర్ల్‌లో 'యూజ్', 'రిక్వైర్' రెండూ ఉన్నాయి. మొదటిది కంపైల్ చేసేటప్పుడే, అంటే రాసినదాన్ని నడవగల రూపానికి మార్చేటప్పుడే, మాడ్యూలును తెస్తుంది, రెండోది ప్రోగ్రాము నడుస్తూ ఆ లైనుకు వచ్చినప్పుడు. ఆ తేడా మాటల్లో ఎక్కడా కనబడదు, బట్టీ పట్టాల్సిందే.

2017లో వచ్చిన జావా 9 ఇందుకోసం విడిగా ఒక ఫైలు పెట్టింది. అందులో 'రిక్వైర్స్' అంటే, ఇది లేనిదే నా పని నడవదని. ఇంతవరకు తేటగా ఉంది. మూడో మాడ్యూలు వచ్చినప్పుడే తంటా. డేటాబేసులతో మాట్లాడే ఎస్‌క్యూఎల్ మాడ్యూలులోని డ్రైవర్‌కు ఒక మెథడ్ ఉంది, పిలిస్తే లాగర్‌ను, అంటే ప్రోగ్రాములో జరిగింది రాసిపెట్టేదాన్ని, చేతికిస్తుంది. ఆ లాగరేమో లాగింగ్ మాడ్యూలు సొత్తు. టెంట్ హౌస్ నుంచి తెచ్చిన గంజులను వంటాయన మనకు అప్పజెప్పినట్టు. ఇక టెంట్ హౌస్‌తో మనకూ లెక్క ఉంటుంది. అందుకే ఎస్‌క్యూఎల్‌ను కోరినవాళ్లకు లాగింగ్ కూడా అందుతుందని చెప్పే మాట కావాల్సి వచ్చింది. ముసాయిదాలో అది 'రిక్వైర్స్ పబ్లిక్'. కానీ జావాలో పబ్లిక్‌కు ఎవరైనా వాడుకోవచ్చన్న అర్థం ఎప్పుడో స్థిరపడింది. విడుదలకు ముందే దాన్ని 'రిక్వైర్స్ ట్రాన్సిటివ్' చేశారు, అంటే ఒకదాని మీదుగా ఇంకోదానికి సాగేది. మాట బరువైనదే, కానీ పాత అర్థమేదీ దాని వెంట రాదు. మంచి పని చేశారు.

'రిక్వైర్స్ స్టాటిక్' దగ్గర మాత్రం ఆ జాగ్రత్త తీసుకోలేదు. కంపైల్ చేసేటప్పుడు ఆ మాడ్యూలు ఉండి తీరాలి, నడిచేటప్పుడు లేకున్నా సరే అని దాని అర్థం. జావా నేర్చినవాళ్లకు స్టాటిక్ అంటే ఆబ్జెక్టుతో పనిలేకుండా క్లాసుకే చెందినది. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. పోనీ కొత్త మాటకు అడ్డేమైనా ఉందా అంటే అదీ లేదు. 'రిక్వైర్స్', 'ట్రాన్సిటివ్' ఆ ఫైలులోనే కీవర్డులు, అంటే భాష తనకోసం పట్టి ఉంచుకున్న మాటలు. పాత ప్రోగ్రాముల్లో ఎవరైనా వాటిని వేరియబుల్ పేర్లుగా పెట్టుకున్నా అవి చెడిపోవు. ప్రోగ్రాములను కూర్చిపెట్టే గ్రేడిల్ అనే సాధనం ఇలాంటి అవసరానికే 'కంపైల్‌ఓన్లీ' అని పెట్టుకుంది, చదవగానే ఎప్పటిదాకా కావాలో తెలుస్తుంది.

నా క్లాసురూములో ఈ 'రిక్వైర్స్ స్టాటిక్'ను రెండు సార్లు చెప్పినా పిల్లల ముఖాల్లో వెలుగు రాలేదు. చివరి బెంచీ నుంచి ఒక మేస్త్రి కొడుకు లేచాడు: "సెంట్రింగ్ లెక్క గదా సార్? స్లాబు పోసేటప్పుడు అది లేకుంటే పని నడువది. ఇంట్ల దిగినంక దాంతోటి ఏం పని?"