పాత పికప్‌కు వెనక బ్రేక్ పట్టడం లేదా? అపోహలు - వాస్తవాలు

బోయినపల్లి మార్కెట్‌కు కూరగాయలు, మలక్‌పేట గంజ్‌కు ఉల్లిగడ్డ తోలే పాత పికప్‌లలో ఎక్కువ శాతం కంపెనీ ఇచ్చినట్టు ఉండవు. వెనక ఒకటో రెండో కమాన్ పట్టీలు (బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు) అదనంగా ఎక్కి ఉంటాయి, టైర్లు పెద్దవై ఉంటాయి. షెడ్డుకు వచ్చాక కంప్లయింట్ మాత్రం ఒకటే: "అన్నా, లోడు మీద వెనక బ్రేక్ పట్టట్లేదు, కొత్త షూలు వేసెయ్."

అపోహ: వెనక బ్రేక్ వీక్ అయిందంటే షూలు అరిగినట్టే.

మార్పులు చేసిన బండికి ముందు చూడాల్సింది చక్రంతో తిరిగే డ్రమ్ము, దాన్ని లోపలినుంచి ఒత్తి ఆపే షూలు కాదు, లోడ్ వాల్వ్. చాలా పికప్‌లలో ఛాసిస్‌కు ఒక వాల్వ్ బిగించి, దాని రాడ్డునో స్ప్రింగునో వెనక యాక్సిల్ హౌసింగ్‌కు (ఇరుసు ఉండే గొట్టానికి) తగిలిస్తారు. లోడు ఎక్కితే ఛాసిస్ కిందికి దిగుతుంది, యాక్సిల్‌తో సందు తగ్గుతుంది, వాల్వ్ వెనక చక్రాలకు బ్రేక్ ఆయిల్ ప్రెషర్ పూర్తిగా వదులుతుంది. బండి ఖాళీగా ఉంటే సందు పెరుగుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. బరువు లేని వెనక చక్రాలు లాక్ కాకుండా చేసిన ఏర్పాటు ఇది.

మీరు అదనపు పట్టీ వేయించారు. ఇప్పుడు టన్ను సరుకు ఎక్కినా ఛాసిస్ మునుపటిలా దిగదు. వాల్వ్‌కు తెలిసేది ఆ సందు ఒక్కటే కాబట్టి దాని లెక్కలో బండి ఇంకా ఖాళీయే. సరిగ్గా లోడు మీద, బ్రేక్ అవసరమైనప్పుడే వెనక్కి ప్రెషర్ తగ్గించి పంపుతుంది. షూలు ఎన్నిసార్లు మార్చినా ఇది మారదు.

అపోహ: ఆ వాల్వ్ తీసేసి పైపు డైరెక్ట్‌గా కలిపేస్తే సరిపోతుంది.

దయచేసి ఈ పని చేయించకండి. లోడు మీద బ్రేక్ బాగా పడుతుంది, నిజమే. కానీ సరుకు దింపి ఖాళీగా వస్తుంటే వాన పడింది, ఫ్లైఓవర్ దిగుతూ గట్టిగా బ్రేక్ కొట్టారు అనుకోండి. వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తోక పక్కకు తిరుగుతుంది. అప్పుడు స్టీరింగ్‌తో సరిచేయడం మంచి డ్రైవర్‌కు కూడా కష్టం. పక్కన బైకు మీద పిల్లలతో వెళ్లేవాళ్లు ఉంటారు.

సరైన దారి రెండు రకాలు. లోడు ఆర్సీలో రాసిన బరువుకు లోపలే ఉంటే అదనపు పట్టీ తీసేసి, వాల్వ్ లింకును (ఆ రాడ్డును లేదా స్ప్రింగును) కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు బిగించడం అన్నిటికంటే మంచిది. పట్టీ ఉంచాల్సిందే అంటే లింకు జరిపి ఊరుకోవద్దు. గట్టి పట్టీలు తక్కువ వంగుతాయి కాబట్టి ఖాళీ బండికి కుదిరిన సెట్టింగ్ లోడు మీద కుదరకపోవచ్చు. ముందు, వెనక లైన్లకు ప్రెషర్ గేజ్ పెట్టి రెండు స్థితుల్లోనూ చూసే మెకానిక్ దగ్గరికే వెళ్లండి.

బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడూ ఈ వాల్వ్ గుర్తుండాలి. ఛాసిస్‌కు జాకీ వేసి చక్రాలు వేలాడదీస్తే వాల్వ్ ఖాళీ స్థితికి వెళ్తుంది, వెనక్కి ఆయిల్ సరిగా రాదు, గాలి మిగిలిపోతుంది. బరువు యాక్సిల్ మీద ఉంచి తీయాలి.

అపోహ: ఆయిల్ తగిలిన షూను పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్దితే చాలు.

షూ మీద ఉండే లైనర్ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది. వేడెక్కగానే అది మళ్లీ పైకి వస్తుంది. రెండు వైపులా షూలు మార్చాల్సిందే, కానీ ఆయిల్ ఎక్కడిదో తేలాకే. డ్రమ్ము ఊడదీసి ఆ తడిని వేళ్ల మధ్య రుద్ది చూడండి. చిక్కగా జారుతూ గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, అంటే యాక్సిల్ సీల్ పోయింది. పల్చగా ఉండి నీళ్లతో కడిగితే పోయేది బ్రేక్ ఆయిల్, అంటే షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బర్లు లీక్ అవుతున్నాయి.

సీల్ మార్చినా మళ్లీ కారుతుంటే హౌసింగ్ మీద గాలి పోయేందుకు ఉండే చిన్న మూత, బ్రీదర్ చూడండి. వానాకాలం మన రోడ్ల బురద దాన్ని మూసేస్తుంది. లోపలి గాలి వేడెక్కి బయటికి పోయే దారి లేక, సీల్ పక్కనుంచి ఆయిల్‌ను తోస్తుంది. కొత్త సీల్ కొనేముందు ఆ చిన్న మూత శుభ్రం చేసుకోండి.

ఇంకోమాట, డ్రమ్ములోని దుమ్మును ఎయిర్ కంప్రెసర్‌తో కొట్టించకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులను తినేస్తుంది. బ్రేక్ క్లీనర్‌తో గానీ తడిగుడ్డతో గానీ తీయాలి. మన షెడ్లలో పనిచేసే కుర్రాళ్ల గురించి ఇది గట్టిగా చెబుతున్నాను.

అపోహ: హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగిస్తే వెనక బ్రేక్ కూడా టైట్ అవుతుంది.

ముందు షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసే అడ్జస్టర్, తర్వాతే కేబుల్. కేబుల్ ముందే లాగి పెడితే షూలు తమ స్థానంలోకి పూర్తిగా వెనక్కి రావు, సెల్ఫ్ అడ్జస్టర్ పనిచేయదు. స్టార్ వీల్ (పళ్ల చక్రం) ఉండే అడ్జస్టర్లకు కుడి, ఎడమ మరలు వేరుగా ఉంటాయి. అటుది ఇటు వేస్తే బిగాల్సింది వదులవుతుంది.

అపోహ: పెద్ద టైర్లకూ బ్రేక్‌కూ సంబంధం లేదు.

ఉంది. టైరు వ్యాసార్థం 10 శాతం పెరిగితే, అదే పెడల్ ఒత్తిడికి రోడ్డు మీద దక్కే బ్రేక్ బలం దాదాపు 9 శాతం తగ్గుతుంది.

చివరగా, పెడల్ రాయిలా గట్టిగా ఉంటే డ్రమ్ముల జోలికి పోకండి. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే పెడల్ ఒత్తిడికి బలం కలిపే బూస్టర్, వాక్యూమ్ పైపు, వాక్యూమ్ పంపు చూపించండి. చాలా డీజిల్ పికప్‌లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది.