పిల్లలు, మత్తు: ఓపీలో రోజూ వినే అపోహలు – అసలు వాస్తవాలు

టీనేజ్ పిల్లల మత్తు అలవాట్లకు చికిత్స చేసే సైకియాట్రిస్టుని. మా దగ్గరకు వచ్చే అమ్మానాన్నల్లో చాలామంది అనే మాట ఒకటుంది: "అందరికీ తెలిశాక మాకు తెలిసింది డాక్టరుగారూ." స్నేహితులకు తెలుసు, చెల్లెలికి తెలుసు, హాస్టల్లో పక్క రూమువాళ్ళకీ తెలుసు. ఇంట్లో పెద్దలకే తెలియదు. పిల్లాడు అందరికంటే ఎక్కువగా భయపడేది వాళ్ళకే కాబట్టి వాళ్ళకు ఆఖర్న తెలుస్తుంది. కింద రాసిన అపోహల్లో చాలావాటికి మూలం ఆ భయమే.

అపోహ: "మావాడు అలాంటివాడు కాదండీ, క్లాసులో ఫస్టు."

మార్కులు మత్తును ఆపవు. నేను చూసేవాళ్ళలో మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలున్నారు, అమ్మాయిలూ ఉన్నారు. కాలేజీ గేటు దగ్గర కాపుకాసిన ఎవడో కొత్తవాడు మొదటిసారి చేతిలో పెడతాడని పెద్దల ఊహ. చాలావరకు ఆ పెట్టేది క్లాస్‌మేటు, హాస్టల్ సీనియరు, పెళ్ళికి వచ్చిన బావ. సందర్భం పుట్టినరోజో, పరీక్షలు అయిపోయిన సాయంత్రమో, ఎవరూ లేని ఇల్లో. "ఒక్కసారి ట్రై చెయ్‌రా, ఏం కాదు." అందుకే "చెడు సావాసాలు చెయ్యకు" అన్న హెచ్చరిక పిల్లాడి చెవికెక్కదు. ఇచ్చినవాడు వాడి దృష్టిలో మంచివాడే.

ఇంకా చిన్న పిల్లల విషయానికొస్తే వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చడం గురించి తల్లిదండ్రులు అసలు ఆలోచించరు. 2019లో ఎయిమ్స్ నిపుణులు ప్రచురించిన జాతీయ సర్వేలో పెద్దలకన్నా 10–17 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువ శాతం కనిపించిన మత్తు ఇదొక్కటే: పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58. మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

అపోహ: "మనమే ఆ మాటెత్తితే లేని ఆలోచన పెట్టినట్టవుతుంది."

ఆ మాట వాళ్ళు ఎప్పుడో విన్నారు, ఫోన్లో చూశారు. మీ నోటి నుంచి వినకపోవడం ఒక్కటే తేడా. ఆరో తరగతి, ఏడో తరగతి నుంచే మొదలుపెట్టండి. కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. బండి మీద ట్యూషన్‌కి దింపేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. ఒకరి మొహం ఒకరు చూసుకోనప్పుడు పిల్లలు సులువుగా మాట్లాడతారు.

అసలు పరీక్ష మీరు అడగడంలో లేదు, వాళ్ళ జవాబు విన్నాక మీరేం చేస్తారన్నదాంట్లో ఉంది. "మీ కాలేజీలో ఇలాంటివి ఎవరైనా చేస్తారా?" అని ఓ నాన్న అడిగాడనుకోండి. "ఒకడున్నాడు నాన్నా" అంటాడు కొడుకు. మరుక్షణం నాన్న: "ఎవడు వాడు? పేరు చెప్పు, ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేస్తా. ఇంకెప్పుడూ వాడితో మాట్లాడకు!" అంతే, ఆ తలుపు మూసుకుపోయింది. అదే "అవునా? నిన్నెప్పుడైనా అడిగాడా? అప్పుడు నువ్వేమన్నావు?" అని ఊరుకుంటే మిగతాది వాడే చెబుతాడు.

వద్దని చెప్పడానికి వాళ్ళకు మాటలు కూడా ఇవ్వాలి. "నో చెప్పు" అంటే సరిపోదు, అక్కడ స్నేహితుల ముందు పరువు సమస్య. తప్పు మీ మీదకు నెట్టెయ్యమనండి: "మా అమ్మ రోజూ వాసన చూస్తుందిరా, దొరికానంటే కాలేజీ మాన్పిస్తారు." మీరు చెడ్డవాళ్ళయినా నష్టం లేదు. ఇంకో ఒప్పందం: "ఎంత రాత్రయినా, ఏ పరిస్థితిలో ఉన్నా ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళ్తా. ఆ రాత్రి ఏమీ అడగను, పొద్దున మాట్లాడుకుందాం." ఒకవేళ ఆ ఫోన్ వస్తే దయచేసి మాట మీద నిలబడండి. దారిపొడవునా తిట్టుకుంటూ తీసుకొస్తే రెండోసారి మీకు ఫోన్ చెయ్యడు, తాగిన స్నేహితుడి బండెక్కుతాడు.

అపోహ: "కల్లు చలవ చేస్తుంది, ఓ గ్లాసుతో ఏం కాదు." పట్నంలో ఇదే: "బయట తాగేకన్నా మన ముందు ఒక బీరు నయం కదా."

చెట్టు నుంచి తెల్లవారకముందే దించిన తాజా నీరా వేరు. ఎండెక్కేకొద్దీ కొన్ని గంటల్లోనే అది పులిసి ఆల్కహాల్ తయారవుతుంది. తెలంగాణలో దీనికి తోడు మరో పెద్ద ప్రమాదం ఉంది, కల్తీ. తాటిచెట్లు, ఈతచెట్లు కనిపించని చోట కూడా కల్లు కాంపౌండ్లు నిండుగా నడుస్తాయి. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలుపుతారు. వాటికి అలవాటు పడ్డవాళ్ళకు ఒక్కసారిగా కల్లు దొరక్కపోతే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం మా వార్డుల్లో చూస్తూనే ఉంటాం. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులే చనిపోయారు. పండగపూట తాతయ్య ప్రేమగా పోసిన గ్లాసులో ఏముందో తాతయ్యకూ తెలియదు.

ఇక "మన ముందు ఒక బీరు" సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. అమెరికాలో 1997లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 15 ఏళ్ళలోపు తాగడం మొదలుపెట్టినవాళ్ళలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో మద్యానికి బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టినవాళ్ళలో అది 10 శాతం. ముందు మొదలుపెట్టడమే మొత్తం కారణమని ఆ అంకెలు చెప్పవు, కానీ ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ లాభమేనన్నది నా గట్టి నమ్మకం. నాన్నలకు ఒక్క మనవి: మీరు తాగితే తాగారు, పిల్లాణ్ణి సోడాకూ మిక్చర్‌కూ పంపకండి, గ్లాసు కడగమనకండి.

అపోహ: "గంజాయి ఆకే కదా, సాధువులు కూడా తాగుతారు."

ఉమ్మెత్త కూడా ఆకే. గంజాయి వాడినవాళ్ళలో సుమారు పదకొండు మందిలో ఒకరు దానికి బానిసవుతారు, టీనేజ్‌లోనే మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. మంచిచెడ్డలు ఆలోచించి ఆగే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్ళు పడుతుంది. ఈలోపు రోజూ పొగ పడితే ముందుగా పోయేది చదువు మీద, ఆట మీద ఉండే ఆసక్తి. కొందరిలో అనుమానాలు మొదలవుతాయి, ఎవరో తమ గురించి మాట్లాడుకుంటున్నట్టు చెవుల్లో వినిపిస్తుంది. వంశంలో మానసిక జబ్బు ఉంటే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎవరో ఏదో చేయించారని తాయెత్తులు కట్టించి, నెలలు పోగొట్టుకుని వచ్చే కుటుంబాలను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

అపోహ: "నాలుగు తగిలిస్తే దారికొస్తాడు."

ఒక తల్లి నా టేబుల్ మీద కొడుకు జామెట్రీ బాక్స్ తెరిచి పెట్టింది. కంపాస్ కింద గంజాయి చుట్టుకునే పల్చటి రోలింగ్ పేపర్లు, చుట్టిన చిన్న అట్టముక్క, కళ్ళ ఎరుపు పోవడానికి వేసుకునే చుక్కల మందు. ఆమె చేసిన మంచి పని ఏమిటంటే ఆ రాత్రి ఏమీ అనలేదు. మత్తులో ఉన్నప్పుడు మాట్లాడితే గొడవ తప్ప ఏమీ మిగలదు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ ముందే ఒక మాట అనుకుని, "ఇది దొరికింది, మాకు చాలా భయమేసింది, ఏం జరుగుతోందో చెప్పు నాన్నా" అన్నారు. పిల్లాడు గంటసేపు మాట్లాడకుండా కూర్చుని చివరికి చెప్పాడు. కొట్టి ఉంటే అబద్ధం చెప్పేవాడు, దాచే చోటు మార్చేవాడు.

ఇంట్లో యూరిన్ టెస్ట్ కిట్‌తో కూడా తొందరపడకండి. రోజూ గంజాయి తాగినవాళ్ళలో మానేసిన వారాల తర్వాతా పాజిటివ్ రావచ్చు. కొన్ని మత్తులు ఆ కిట్‌లో అసలు పట్టుబడవు.

అపోహ: "తాగుడు మాన్పించడానికి అన్నంలో తెలియకుండా కలిపే మందు ఉందటగా?"

వద్దే వద్దు. అలా అమ్మేవాటిలో ఏముందో ఎవరూ చెప్పరు. డైసల్ఫిరామ్ అనే మాత్ర పొడి ఉంటే, ఆ సంగతి తెలియక మద్యం తాగినవాడికి బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

అపోహ: "డాక్టర్ దగ్గరకు వెళ్తే పోలీసు కేసవుతుంది."

అవదు. మీరు చెప్పింది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మా బాధ్యత. మత్తుమందుల చట్టంలో 64ఏ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకెళ్ళింది: వాడకం లేదా చిన్న మొత్తానికి సంబంధించిన కేసు ఉన్నా, స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో పూర్తిగా చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. గొలుసులు వేసి, కొట్టి మాన్పిస్తామనే సెంటర్లకు మాత్రం పంపకండి. 18 లోపు పిల్లల్ని చేర్చుకోవాలంటే పెద్దల నుంచి వేరుగా ఉంచాలని చట్టం చెబుతోంది. ఆ గది చూపించమని అడగండి.

14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం. పిల్లాడు రానంటే మొదటిసారి మీరే రండి. ఏం వాడుతున్నాడో తెలియకపోయినా ఫర్వాలేదు. ఈ మధ్య నెలల్లో నిద్ర, చదువు, డబ్బు, స్నేహితులు ఎలా మారారో ఒక కాగితం మీద రాసుకొస్తే అక్కణ్ణుంచే మొదలుపెడతాం.