మిరప చేలో ‘జెమిని’ పడిందంటే అసలు ఏం పడినట్టు?

మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో మిరప వేసే ఊళ్లలో దసరా దాటిందంటే ఎవరు ఎదురుపడినా ఒకటే మాట, "మీ చేలో జెమిని పడ్డదా?" అని. జెమిని అంటే మిరప ఆకులు ముడుచుకుపోయే వైరస్ తెగులు. పోయినేడు మా చేలోనూ పడ్డది. పొద్దున్నే గట్టు మీద కూర్చుని ఒక మొక్క కొస తెంపి చూశాను. లేత ఆకులు బాగా చిన్నవైపోయి, అంచులు పైకి లేచి దొన్నెలా ముడుచుకున్నాయి. వెనక్కి తిప్పి వేలితో రాస్తే ఈనెలు దారాల్లా ఉబ్బి తగులుతున్నాయి. కణుపు మీద కణుపు దగ్గరగా పడి మొక్క గుత్తిలా కుదించుకుపోయింది. పైముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి అని మా బాపు నాకు చిన్నప్పుడే నేర్పాడు, ఆ రెండింటికీ మందుంది. ఇది ఆ రెండూ కాదు.

పురుగుమందుల దుకాణంలో మూడు సీసాలు, వాటితో పాటు చిన్న పౌచ్‌లో యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. "వైరస్‌కి ఇది కొడితే పోతది" అన్నారు. నాలుగు తడవలు కొట్టాం. ముడుచుకున్న ఆకు ఒక్కటీ విప్పుకోలేదు. అప్పు మిగిలింది, టెన్షన్ మిగిలింది. అంతకన్నా ఎక్కువగా, ఇన్ని మందులు ఎందుకు పని చేయలేదన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దాని జవాబు కోసం వెనక్కి వెళ్తే 130 ఏళ్లు దాటిన కథ దొరికింది, అదీ ఒక ఆకు తెగులుతోనే మొదలైన కథ.

అంతకన్నా ముందు ఒక మాట. ఇంట్లో మనం తెలుగులో అన్నింటినీ "పురుగు", "క్రిమి" అనేస్తాం. కడుపులో పురుగు, చేలో పురుగు, జ్వరానికీ ఏదో క్రిమి. మా బిడ్డ చదివేది మరాఠీ బడి. వాళ్ల సైన్స్ పుస్తకంలో బ్యాక్టీరియాకి ‘జీవాణూ’ అనీ, వైరస్‌కి ‘విషాణూ’ అనీ రెండు వేరు వేరు మాటలున్నాయి. ఒకటి జీవం ఉన్న అణువు, ఇంకొకటి విషపు అణువు. లాటిన్‌లో కూడా వైరస్ అంటే విషమే. ఈ తేడా మనం రోజూ మాట్లాడే మాటల్లో లేకపోవడం వల్లే జీవాణువుకి కొట్టే మందు విషాణువుకీ కొడుతున్నామని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కథ పొగాకుతో మొదలవుతుంది. 1880ల్లో హాలండ్‌లో అడాల్ఫ్ మేయర్ అనే శాస్త్రవేత్త, ఆకుల మీద లేతపచ్చ ముదురుపచ్చ మచ్చలు పడే పొగాకు తెగులును పట్టుకుని, రోగం ఉన్న ఆకు రసం తీసి మంచి మొక్కకి ఎక్కిస్తే దానికీ అదే రోగం వస్తుందని చూపించాడు. 1886లో దానికి ‘మొజాయిక్’ తెగులు అని పేరు పెట్టాడు, కానీ కారణం మాత్రం ఏదో బ్యాక్టీరియానే అనుకున్నాడు. ఆ రోజుల్లో రోగం అంటే బ్యాక్టీరియా, అంతకు మించి ఊహే లేదు.

అప్పటికే ఫ్రాన్స్‌లో చాంబర్‌లాండ్ పింగాణీ ఫిల్టర్ చేశాడు. మన ఇళ్లలో స్టీలు డబ్బాలో తెల్లటి క్యాండిల్ పెట్టుకుని నీళ్లు వడకట్టుకునేవాళ్లం చూడండి, ఇంచుమించు అలాంటిదే. బ్యాక్టీరియా ఆ క్యాండిల్‌లోనే ఆగిపోతుంది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ పొగాకు రసాన్ని ఆ ఫిల్టర్‌లో వడపోసి, కిందికి దిగిన తేట రసాన్ని మంచి మొక్కకి ఎక్కించాడు, రోగం వచ్చింది. ఫిల్టర్‌లో లోపం ఉందేమో, లేదా బ్యాక్టీరియా వదిలిన విషం దిగిందేమో అనుకున్నాడు.

1898లో హాలండ్‌లోనే బైయెరింక్ ఇదే పని మళ్లీ చేసి, ఒక అడుగు ముందుకేశాడు. వడకట్టిన రసం ఒక మొక్కకి, దాని రసం ఇంకో మొక్కకి, దాని రసం మరోదానికి. విషమే అయితే ఇలా పంచుకుంటూ పోతే పలచబడి పోవాలి కదా, పోలేదు, ప్రతి మొక్కలోనూ మళ్లీ అంతే బలంగా పెరిగింది. పైగా అది ఎదిగే లేత కణాల్లోనే పెరుగుతోంది, గాజు గిన్నెలో ఎంత మేత పెట్టినా పెరగడం లేదు. దాన్ని ఆయన ‘ప్రాణమున్న అంటురోగ ద్రవం’ అన్నాడు, వైరస్ అనే పాత మాటను దానికి వాడాడు. అదే ఏడాది జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ పశువుల గాలికుంటుకు కారణం కూడా ఇలా ఫిల్టర్ దాటిపోయేదేనని తేల్చారు.

1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ చేసింది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. రోగం వచ్చిన పొగాకు ఆకులు బోలెడు నూరి, రసం శుద్ధి చేసి, చివరికి దాన్ని ఉప్పు, పటిక లాగా స్ఫటికాలు కట్టించాడు. ఆ పొడిని మళ్లీ నీళ్లలో కలిపి ఆకుకి రాస్తే రోగం వచ్చింది. సీసాలో పోసి అటక మీద పెట్టగలిగే పొడి, తినదు, ఊపిరి పీల్చదు, ఆకులోకి పోగానే లక్షలుగా పెరుగుతుంది. ఆయన అది ఉత్త ప్రొటీన్ అనుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్‌లో బాడెన్, పిరీ అందులో కొంచెం ఆర్ఎన్ఏ, అంటే నకలు ఎలా చేయాలో రాసి ఉండే జన్యు పదార్థం, కూడా ఉందని చూపించారు. 1956 నాటికి ఆ ఆర్ఎన్ఏ ఒక్కటే రోగం తేగలదని తేలింది. అసలు సరుకు ఆ ఆర్ఎన్ఏనే, ప్రొటీన్ పైన ఉండే తొడుగు.

వైరస్ అంటే ఇంతే. కొన్నింటికి ఇంకో కొవ్వు పొర ఉంటుంది, అంతకు మించి సొంత ఇల్లు లేదు, పొయ్యి లేదు. కణంలో దూరి, ఆ కణం సామానుతోనే తన నకళ్లు చేయించుకుంటుంది. పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్ బ్యాక్టీరియా గోడను కట్టనివ్వదు, స్ట్రెప్టోమైసిన్ దాని ప్రొటీన్ తయారీని దెబ్బ తీస్తుంది. వైరస్‌కి ఆ గోడా లేదు, ఆ తయారీ యంత్రమూ లేదు. మేం చేలో కొట్టిన పొడికి అక్కడ తగలడానికి ఏమీ లేదు.

ఇక మన జెమిని. ఇది పొగాకు దానిలా ఆర్ఎన్ఏ కాదు, గుండ్రంగా చుట్టుకున్న ఒంటిపోగు డీఎన్ఏ, అదీ జన్యు పదార్థమే, దాని రాత పొడవు దాదాపు 2,700 అక్షరాలు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో రెండు గుళికలు అతుక్కుని కవలల్లా కనిపిస్తాయి, అందుకే ఆ పేరు, మన మిథున రాశిని ఇంగ్లిష్‌లో జెమిని అనేది. మిరపలో దీనితో పాటు చాలాసార్లు ఇంకొకటి కూడా దొరుకుతుంది, బీటా శాటిలైట్ అంటారు, అందులో సగం సైజు. అది తనంతట తాను నకలు చేసుకోలేదు, తొడుగూ చేసుకోలేదు, వైరస్ మీద ఆధారపడుతుంది, కానీ అది తోడుంటే ముడత ఎక్కువవుతుంది. అంటే కణం మీద బతికే వైరస్, ఆ వైరస్ మీద బతికే శాటిలైట్. వైరస్ కన్నా చిన్నవీ ఉన్నాయి. 1971లో డైనర్ అనే శాస్త్రవేత్త బంగాళదుంప తెగులులో అసలు తొడుగే లేని చిన్న ఆర్ఎన్ఏని పట్టుకుని వైరాయిడ్ అన్నాడు, 359 అక్షరాలే. 1982లో ప్రూసినర్ గొర్రెల మెదడు జబ్బులో ఆర్ఎన్ఏ, డీఎన్ఏ ఏదీ లేకుండా ప్రొటీన్ ఒక్కటే రోగం పాకిస్తుందని చెప్పి ప్రయాన్ అని పేరు పెట్టాడు. ముందు ఎవరూ నమ్మలేదు, 1997లో నోబెల్ వచ్చింది.

ఇదంతా చేను వరకే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. మన మహారాష్ట్రలోనే, నాగపూర్ వైపు చండీపురా అనే ఊరి పేరుతో ఒక వైరస్ ఉంది. 1965లో జ్వరం వచ్చినవాళ్ల రక్తంలో పుణె వైరస్ పరిశోధనా కేంద్రం వాళ్లు దాన్ని గుర్తించారు, పిచ్చికుక్క రోగం తెచ్చే రేబిస్‌కి దూరపు చుట్టం, తుపాకీ గుండు ఆకారం, దాని దగ్గరున్నవి మొత్తం 5 ప్రొటీన్లకు సరిపడా జన్యువులు. ఏళ్ల తరబడి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2003 ఎండాకాలం చివర్లో గోదారి అవతల, కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలు మెదడువాపుతో పడిపోయారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధకులు లెక్కించిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు, చాలామంది ఆసుపత్రిలో చేరిన ఒకట్రెండు రోజుల్లోనే. ఏటికి ఆ ఒడ్డున మా చుట్టాలున్నారు, ఆ వేసవి మా ఇంట్లో పిల్లల ఒళ్లు కాస్త వెచ్చగా తగిలినా పెద్దవాళ్లు నిద్రపోలేదు. దాన్ని మోసేది ప్రధానంగా శాండ్‌ఫ్లై, దోమలో మూడో వంతు ఉంటుంది, చప్పుడు చేయదు, మట్టిగోడ పగుళ్లలో, పశువుల కొట్టం తేమలో ఉంటుంది. దానికి ఇప్పటికీ ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. పిల్లకి జ్వరంతో ఫిట్స్ వస్తే ఊళ్లో సూది వేయించి ఎదురుచూడకుండా నేరుగా పెద్దాసుపత్రికే తీసుకుపోవాలి.

మిరపలో వైరస్‌ని మోసే పని తెల్లదోమది. రోగం ఉన్న మొక్క రసం తాగినప్పుడు వైరస్ దాని ఒంట్లోకి ఎక్కుతుంది, చాలావరకు బతికినన్నాళ్లూ ఉంటుంది. గట్టు మీది కలుపులో కూడా ఆ వైరస్ దాక్కుంటుంది. మొక్కలోకి పోయాక తీసే మందు లేదు కాబట్టి, పోకముందే ఆపాలి. ఈ ఏడు నారుమడి మీద సన్నకన్ను నైలాన్ వల కట్టాం, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేశాం, పసుపు జిగురు అట్టలు పెట్టాం. నాటిన ఇరవయ్యో రోజుకి పదకొండు మొక్కలు ముడిచాయి. బాపు వాటి మీద సంచి కప్పి, తెల్లదోమ లేవకుండా వేళ్లతో సహా పీకి, గట్టు అవతల గుంటలో పూడ్చాడు.