గోలీ అప్పు తీసుకున్న రెండు సెంటీమీటర్లు

ఒక తండ్రి అడిగారు: "పైపులకు చుట్టే ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి మా అబ్బాయి రోలర్ కోస్టర్ కట్టాడు. లూప్ (నిలువుగా నిలబడే గుండ్రటి చుట్టు) వ్యాసార్థం 10 సెం.మీ. పుస్తకం లెక్క ప్రకారం గోలీని 25 సెం.మీ. ఎత్తు నుంచి వదిలితే చాలు. కానీ పైకి చేరబోతూ ఊడి పడుతోంది. లెక్క తప్పా, కట్టడం తప్పా?"

రెండూ తప్పు కాదు. పిల్లలకు భౌతికశాస్త్రం నేర్పడానికి ఇంతకంటే మంచి ఓటమి నాకు తెలియదు.

ముందు ఆ 25 ఎక్కడిదో చూద్దాం. లూప్ నెత్తిన గోలీ ఎందుకు పడదని పిల్లలు అడుగుతారు. పడుతూనే ఉంటుంది. వేగం సరిపడా ఉంటే, అది పడబోయే దారికన్నా ట్రాక్ ఇంకా బిగువుగా వంగి ఉంటుంది, అందుకే ట్రాక్‌ను వదలలేదు. "అపకేంద్ర బలం" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే పిల్లలు దాన్ని మంత్రంలా అప్పజెబుతారు, అంతే. కావలసిన కనీస వేగం రావడానికి ఎంత ఎత్తు దిగాలో లెక్కేస్తే వ్యాసార్థంలో సగం, అంటే 5 సెం.మీ. లూప్ ఎత్తు 20. మొత్తం 25.

కానీ ఆ లెక్క జారే వస్తువుది. గోలీ జారదు, దొర్లుతుంది. దొర్లేది ముందుకు పోవడమే కాదు, తన చుట్టూ తాను తిరగాలి కూడా. నిండు గోళానికి గతిశక్తిలో (కదలికలో ఉండే శక్తిలో) 7 పాళ్లుంటే 5 పాళ్లు ముందుకు పోవడానికి, 2 పాళ్లు తిరగడానికి పోతాయి. ముందుకు పోవడానికి 5 సెం.మీ. విలువైన శక్తి కావాలంటే మొత్తం 7 ఉండాలి. కాబట్టి 25 కాదు, 27. (ఈ ఎత్తులన్నీ గోలీ కేంద్రానివి. గొట్టం అంచు పట్టుకుని కొలిస్తే లెక్క కుదరదు.) బరువైన ఉక్కు గోలీ వేస్తే గట్టెక్కుతుందని పిల్లలు పందెం కాస్తారు. లెక్కలో బరువు కొట్టుకుపోతుంది, గాజుకైనా ఉక్కుకైనా అదే 27. బోలు బంతికి మాత్రం బరువంతా అంచునే ఉంటుంది కాబట్టి తిరగడానికి ఎక్కువ ఖర్చు: 28.3. గొట్టం బదులు రెండు పట్టాలు పెట్టి, బంతి వాటి మధ్య కాస్త దిగేలా చేస్తే, అంతే దూరానికి అది ఇంకా ఎక్కువ చుట్లు తిరగాలి. ఎత్తు ఇంకా పెంచాలి.

ఇక ఘర్షణ. మా ఇంట్లోనూ అదే కొలతల లూప్ కట్టాం, 27 నుంచి వదిలినా మా పాప గోలీ పడిపోయింది. "ఘర్షణను ఉపేక్షించండి" అని పాఠ్యపుస్తకం చెప్పే చోటే అసలు ఇంజనీరింగ్ మొదలవుతుంది. ఎంత పోతోందో కొలవాలి కదా. లూప్ విప్పేసి అదే గొట్టాన్ని లోయలా వంచాం. గోలీని 31 సెం.మీ. నుంచి వదిలితే అవతలి గట్టు మీద 27 దాకా ఎక్కి ఆగింది. పాప చాక్‌పీసుతో గీత గీసింది. ఒకటికి పదిసార్లు వదిలినా గీతకు అటూ ఇటూ వేలి వెడల్పు దూరంలోనే ఆగింది.

ఇక్కడ నాకు ప్రాణం లేచి వచ్చే సంగతి ఒకటుంది. ఆ 4 సెంటీమీటర్లలో గోలీ తిరగడానికి వాడుకున్న శక్తి లేదు. గట్టు ఎక్కేటప్పుడు తిరుగుడు నెమ్మదిస్తూ ఆ శక్తిని ఎత్తుగా తిరిగి ఇచ్చేస్తుంది. అది అప్పు. ఘర్షణ తీసుకున్నది ఫోమ్ నలగడంలో, వేడిలో పోయింది, తిరిగి రాదు. లూప్ నెత్తిన గోలీ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, అప్పు తీరే సమయం కాదది. అందుకే 27కు 4 కలిపాం. లూప్‌లో గోలీ గోడను గట్టిగా నొక్కుతుంది కాబట్టి ఇంకొంచెం చేర్చి 32 నుంచి వదిలాం. గోలీ లూప్‌ను చుట్టేసి వచ్చింది!

అసలు కోస్టర్లలో రైలు బరువుతో పోలిస్తే చక్రాల బరువు తక్కువ. కాబట్టి ఈ అప్పూ చిన్నదే. పుస్తకం లెక్కకు మన గోలీకన్నా ఆ పెద్ద రైలే దగ్గర. కాకపోతే దానికి వేరే చిక్కుంది. ఘర్షణ లేదనుకుంటే, గుండ్రటి లూప్‌ను అతి తక్కువ వేగంతో దాటినా కింద మనిషి తన బరువుకు 6 రెట్లు మోయాలి. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో వచ్చిన ఫ్లిప్ ఫ్లాప్ కోస్టర్ గుండ్రటి లూప్ మెడలు నొప్పెట్టించి అపఖ్యాతి పాలైంది. 1976లో కాలిఫోర్నియాలో మ్యాజిక్ మౌంటెన్ పార్కు 'రివల్యూషన్' కోస్టర్‌కు ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్ నీటిబొట్టు ఆకారం గీశాడు: కింద విశాలంగా, పైన బిగువుగా.

ఆ తండ్రికి నా సలహా అదే. లూప్ ఎత్తు 20 అలాగే ఉంచి, పైభాగాన్ని వ్యాసార్థం 5 సెం.మీ. అయ్యేలా నొక్కండి. దాటడానికి కావలసిన వేగం తగ్గుతుంది: 20కి 3.5 కలిపితే 23.5. ఘర్షణకు 4 లేదా 5 చేర్చుకోండి. 28 దగ్గర టేపు ముక్క అంటించి, మొదటి గోలీని అబ్బాయినే వదలమనండి.