బార్టన్ ఊటల వెనుక ఉన్న కథ

టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లోని బార్టన్ స్ప్రింగ్స్‌ను ఈతకొలను అంటారు గానీ, మహానంది కోనేరు చూసినవారికి దాని స్వభావం ఇట్టే అర్థమవుతుంది. దాదాపు మూడెకరాల ఈ మడుగులోకి నీరు సున్నపురాయి పొరల్లోంచి ఊటగా ఉబికి వస్తుంది. ఎండాకాలమైనా చలికాలమైనా 20, 21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలుస్తుంది. అందులో క్లోరిన్ కలపరు. అడుగున గులకరాళ్లు, మెట్ల మీద కాలు జారే పాచి, గట్టున పచ్చిక ఉంటాయి. ఈ నీటిని ఎలా కాపాడుకోవాలన్న వివాదానికి మూలం మాత్రం కొలనులో లేదు, మైళ్ల దూరంలో ఉంది.

ఊటలున్న భూమిని ఆండ్రూ జాక్సన్ జిల్కర్ అనే స్థానిక వ్యాపారి 1917లో ప్రజలపరం చేశారు. తరువాత అక్కడి బార్టన్ వాగుకు అడ్డుకట్టలు వేసి మడుగును స్థిరపరిచారు. దుస్తులు మార్చుకునే ఇప్పటి భవనం 1947 నాటిది. ప్రజలపరమైందన్న మాట మాత్రం చాలాకాలం అర్ధసత్యమే. 1960లో జోన్ మీన్స్ అనే నల్లజాతి విద్యార్థిని, తమను రానివ్వని ఆ నీటిలోకి దూకి నిరసన తెలిపింది. ఆ వేసవిలో మరికొందరు ఆమె బాట పట్టారు. 1962లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఎగువన వాగుల అడుగున ఉన్న రాతి పగుళ్లలోంచి వాననీరు నేలలోకి దిగి, రాతి సందుల గుండా ప్రవహించి ఇక్కడ పైకి వస్తుంది. ఇసుక నేలలా ఈ రాయి నీటిని వడకట్టదు కాబట్టి, ఎగువన రోడ్ల మీద కారిన నూనె, పచ్చికకు చల్లిన ఎరువు కొద్ది రోజుల్లోనే ఊటకు చేరగలవు. 1990 జూన్‌లో వాగు పొడవునా నాలుగు వేల ఎకరాల భారీ నిర్మాణ ప్రతిపాదన నగర మండలి ముందుకు వచ్చినప్పుడు, వందలాది మంది తెల్లవార్లూ వరుస కట్టి మాట్లాడగా, మండలి దాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించింది. ఎగువ ప్రాంతంలో కట్టడాలకు హద్దులు విధించే నిబంధనను 1992లో ఓటర్లే ఆమోదించారు. అయితే పాత అనుమతులున్న ప్రాజెక్టులకు రాష్ట్ర చట్టం మినహాయింపులిచ్చింది. తగవు తెగకపోవడానికి ముఖ్య కారణం నా దృష్టిలో అదే.

బల్లిలా కనిపించే, వేలెడంత ఉండే ఉభయచరం బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండర్‌ను 1997లో సమాఖ్య ప్రభుత్వం అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చడంతో నిర్వహణ తీరూ మారింది. ప్రతి గురువారం శుభ్రం చేయడానికి కొలను మూస్తారు. కానీ ఆ జీవి ఊటల నోళ్ల దగ్గరి రాళ్ల కిందే బతుకుతుంది గనుక, నీటిమట్టాన్ని ఇష్టం వచ్చినట్లు దించడానికి వీల్లేదు. మామూలు రోజుల్లో వాగునీటిని కొలను పక్కనుంచి కాలువ ద్వారా దిగువకు మళ్లిస్తారు. పెద్ద వానకు అది ఎగువ కట్ట దాటి పొర్లినప్పుడు మడుగంతా బురదమయమవుతుంది. ఆ బురద తీసేదాకా గేట్లు తెరవరు.